రెండు నెలల పిల్ల

సెప్టెంబర్ 19, 2011. సోమవారం

నా బిడ్డ ఇంట్లో ఉంది! బిడ్డ ఇంట్లో ఉంది! రాస్తుంటే చేయి ఆగడం లేదు.

సకల జనుల సమ్మెకు బడులు ముందే బంద్, ఇవాళ్టి నుంచి బస్సులు కూడా బంద్. డిపో గేటుకు తాళం వేసి, ముందు టెంటు వేసుకుని మావాళ్లు కూర్చున్నారు. రిటైరయ్యేదాకా కండక్టరుగా తిరిగినవాణ్ణి కదా, బస్సులన్నీ లోపల అట్లా వరసగా నిలబడి ఉంటే మనసు ఎట్లానో అయింది. నేనూ కాసేపు టెంటు కింద కూర్చుని జై తెలంగాణ అని వచ్చాను. తెలంగాణ వస్తుంది, తప్పకుండా వస్తుంది. నాకైతే తెలంగాణ కంటే ముందు నా అరుణ వచ్చింది.

జూన్‌లో కుల్చారం బడికి బదిలీ చేయించుకుంది. చేగుంటలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి, అల్లుడు అమరేందర్‌తో సహా మెదక్‌లో మా ఇంట్లోనే దిగింది. పెళ్లయిన ఇన్నేళ్లకు! సమ్మె పుణ్యాన ఇప్పుడు పొద్దంతా కళ్ల ముందే ఉంటోంది. పొద్దున పంజరం మీది పాత లుంగీ తీసేది కూడా తనే. నా ఆరు లవ్ బర్డ్సూ వెలుతురు పడగానే ఒంటికాలు దించి, రెక్క ఒకవైపు, కాలు ఒకవైపు చాపి ఒళ్లు విరుస్తాయి. తర్వాత తలలు పైకీ కిందికీ ఊపుతూ ఒకటే అల్లరి. ముక్కు మీద నీలంగా ఉంటే మగది, గోధుమ రంగు ఉంటే ఆడది అని అరుణకు చూపించాను.

"జూన్ల చెప్పినవ్, జులైల చెప్పినవ్, మల్ల ఇయ్యాల చెప్తున్నవ్ నాయినా" అని నవ్వింది.

ఎన్నిసార్లయినా చెప్తాను. వినే మనిషి దొరికింది!

సెప్టెంబర్ 22

ఇంట్లో ఏదో నడుస్తోంది.

సాయంత్రం పంజరం అడుగు రేకు కడిగి, గిన్నెల్లో కొర్రలు పోస్తున్నాను. అరుణ పెరట్లో నిలబడి ధర్నా టెంటులో ఉన్న అల్లుడితో సెల్‌ఫోన్‌లో మాట్లాడుతోంది. పంజరం వెనక నేనున్నానని తనకు తెలియదు. నేను వినలేదు. వినబడింది.

"రెండు నెలల పిల్లనట... ఆ, ఆడదే. తల్లి ఇడిసిపెట్టి పోయిందట. పాలు మంచిగనే తాగుతదట. వాళ్లు సరేనంటే తెచ్చి సాదుకుందాం... నాయినకు మాత్రం ఇప్పుడే చెప్పకు. ఆయన సంగతి నీకెరుకే గదా."

నాకు చెప్పొద్దట!

కాని నేనెవరిని? బస్సు నిండా నూరు మంది ఉన్నా టికెట్ తీసుకోనివాణ్ణి ముఖం చూసి పట్టేవాణ్ణి. ఒక్క నిమిషంలో అర్థమైపోయింది. మా గోడ అవతల సైకిల్ షాపు లాజరు ఉన్నాడు. వాళ్ల చారల పిల్లి రాణి జులైలో నాలుగు పిల్లలు పెట్టింది. ఇప్పటికి సరిగ్గా రెండు నెలలు. వారం నుంచి రాణి వాటిని పాలకు రానివ్వడం లేదు. దగ్గరికొస్తే బుస్సుమని చెంప మీద కొడుతోంది. తల్లి విడిచిపెట్టడమంటే అదే కదా.

నా బిడ్డ పెంచుకోవడానికి నా ఇంట్లోకి పిల్లిని తెస్తోంది. ఆరు పక్షులున్న ఇంట్లోకి!

సెప్టెంబర్ 23

గోడ మీదుగా లాజరును కదిపి చూశాను.

"ఏం లాజరూ, పిల్లులను ఎవలకన్న ఇస్తున్నవా?"

"ఎవలు అడిగినా ఇస్త ఎల్లన్నా. నీకు గావాల్నా?"

"నాకెందుకు! మా ఇంట్ల ఎవలన్న అడిగిండ్రా?"

"లేదే" అని సైకిలు చక్రం తిప్పుతూ అటు తిరిగాడు.

టికెట్ లేనివాడు కూడా సరిగ్గా అట్లాగే అటు తిరుగుతాడు. లాజరు కూడా వాళ్లవైపే!

సెప్టెంబర్ 27

ఇవాళ ఎంగిలిపూల బతుకమ్మ. అరుణ తంగేడు పూలు పేరుస్తుంటే పక్కన కూర్చుని అందించాను. ఇంత సంతోషం నాకు ఎవరు ఇచ్చారు? ఏ దేవుడు ఇచ్చాడు? కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాని గోదావరి, నా భార్య, పాత చీరలు తీసి చిన్న చిన్న బొంతలు కుడుతోంది. దిండంత బొంత! నన్ను చూడగానే కొంగు కింద దాచింది.

"ఏందవి?"

"వంటింట్ల గిన్నెలు దించనీకి గుడ్డలు."

గిన్నె దించే గుడ్డకు నాలుగు పొరలా? మెత్తటి మధురై చీరా? పిల్లికి పరుపు కుడుతోంది. నా ఇంట్లో, నా భార్య.

సెప్టెంబర్ 29

అల్లుడు టేపుతో కిటికీలు కొలుస్తున్నాడు. అడిగితే దోమలట. సంపు మూతకు కొత్త గొళ్లెం బిగించాడు. మెట్ల దగ్గర చిన్న చెక్క తలుపు పెట్టిస్తానన్నాడు.

"మెట్లకు తలుపెందుకు అల్లుడూ?"

"ఊకెనే మామా. సేఫ్టీకి."

ఎవరి సేఫ్టీకి? మెట్లెక్కి పైకి పోకుండా పిల్లికి తలుపు కడుతున్నాడు. అమాయకుడు, పిల్లి తలుపు మీంచి దూకుతుందని కూడా తెలియదు. మంచివాడే, నా కొడుకు లాంటివాడే. వాణ్ణి మా ఆడవాళ్లు పాడు చేస్తున్నారు.

పంజరాన్ని ఇంకో జానెడు పైకి కట్టాను.

అక్టోబర్ 1

రాణి ఇవాళ గోడ మీద కూర్చుని నా పక్షులను చూస్తూ కింది దవడ కటకటలాడించింది. చలికి వణుకుతున్నట్టు అదొక చప్పుడు. పక్షిని చూసి అందనప్పుడు పిల్లి అట్లా చేస్తుందట, నోట్లో ఉన్నట్టే ఊహించుకుంటుందేమో. నా పక్షులు ఒక్క దెబ్బకు నోళ్లు మూసి, ఈకలు ఒంటికి అంటించుకుని సన్నగా పుల్లల్లాగా అయిపోయాయి. సంతోషంగా ఉంటే ఉబ్బుతాయి, భయపడితే సన్నబడతాయి. కొత్తిమీర తడిపి పంజరంలో వేశాను. ఆ తడి ఆకుల్లో పొర్లి స్నానం చేయడం వాటికి పండుగ. ఇవాళ ముట్టలేదు.

అరుణ వచ్చి నా భుజం మీద చేయి వేసి, "నీలెక్క ఎవరు చూస్తరు నాయినా వీటిని" అంది.

తప్పు చేయబోయేవాళ్లు ముందు మంచిగా మాట్లాడుతారు.

అక్టోబర్ 3

గోదావరి అటక మీంచి అరుణ చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె దించి చింతపండుతో తోమింది. పిల్లికి ఉగ్గుగిన్నె! పిల్లి మీసాలు అంచులకు తగిలితే గిన్నెలో మూతి పెట్టదని కూడా తెలియదు వీళ్లకు.

ఆ గిన్నెను ఎండలో చూసినప్పుడు నాకు వేరే ఆలోచన ఒకటి రాబోయింది. రానివ్వలేదు.

అక్టోబర్ 6. దసరా

పాలపిట్టను చూశాం. పొలం గట్టు దగ్గర కరెంటు తీగ మీద, ఒక్క క్షణం, నీలంగా మెరిసి పోయింది. అందరూ దండం పెట్టుకున్నారు. అరుణ మాత్రం పిట్ట ఎగిరిపోయినా కళ్లు తెరవలేదు. ఏం మొక్కుకున్నావు బిడ్డా అంటే చెప్పలేదు.

జమ్మి ఆకు చేతిలో పెట్టి నా కాళ్లకు మొక్కింది. నేను వందేళ్లు బతుకుతాను!

అక్టోబర్ 11. మంగళవారం

గెలిచాను! ఈ ఇంట్లో ఇప్పటికీ నేనే పెద్దవాణ్ణి!

వివరంగా రాయాలి. అరుణ, అల్లుడు రాస్తారోకోకు పోయారు. గోదావరి బజారుకు పోయింది. నేను పంజరంలో కొత్త సముద్రపు నురుగు బిళ్ల కడుతున్నాను. పక్షులు ముక్కులు అరగదీసుకోవడానికి అది ఉండాలి, లేకపోతే ముక్కు పెరిగి వంకరపోతుంది. గేటు ముందు జీపు ఆగింది. నలభై ఏళ్ల ఆవిడ, చేతిలో ఫైలు.

"అరుణగారి నాయిన మీరేనా? నా పేరు ఎలిశిబా. సంగారెడ్డి నుంచి వచ్చిన. సాదుకునే విషయం ఉన్నది గదా, ఇల్లు చూసిపోదామని."

పట్నంలో కుక్కపిల్లను ఇవ్వాలన్నా ముందు ఇల్లు చూసి పోతారని టీవీలో చూశాను. ఆహా, పిల్లికీ వచ్చారా అనుకున్నాను.

"ఇంట్ల ఎవలు లేరమ్మా."

"చెప్పకుండ వచ్చుడే మా పద్ధతి పెద్దయ్యా. మీతోటి మాట్లాడినా మంచిదే." అని సంపు మూత చూసింది, కిటికీలు చూసింది, మెట్ల దగ్గర నిలబడి ఏదో రాసుకుంది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. "పిల్లను తెచ్చుకునుడు మీకు ఇష్టమేనా?"

ఇన్ని రోజులకు నన్నడిగిన మనిషి! కడుపు నిండిపోయింది.

"ఇష్టం లేదు" అన్నాను.

"ఎందుకని?"

"ఎందుకేందమ్మా? అది ఏ గల్లీల పుట్టిందో, దాని తండ్రి ఎవడో! దొంగ జాత్. ఎన్ని పాలు పోసి సాదినా దాని బుద్ధి యాడికి పోతది?"

ఆవిడ రాయడం ఆపింది. "గట్లనొద్దు పెద్దయ్యా. పసిది అది."

"ఇయ్యాల పసిదే. పెరిగినంక ఇంట్ల ఉన్నోల్ల పీక పట్టుకుంటది. నాకు తెల్వదా?"

"మీ బిడ్డ ఎన్నేండ్ల సంది ఎదురుచూస్తున్నదో మీకెరుకనా? ఆమె డ్యూటీకి పోతె పొద్దంత మీరే చూసుకుంటరని చెప్పింది."

"నేనా! నేను చూసుకునుడా! తెచ్చిన నాడే గోనెసంచిల ఏసి మంజీర అవుతల ఇడిసిపెట్టొస్త!"

ఆవిడ లేచి నిలబడింది. మంచినీళ్లు తెస్తానన్నా ఆగలేదు. "మంచిదయ్యా" అని ఫైలు మూసి జీపెక్కింది. ఎంత గట్టిగా చెప్పాను! నా పక్షులారా, ఇక హాయిగా ఉండండి!

రాత్రి అన్నాల దగ్గర అందరికీ చెప్పాలి.

అదే రోజు, తర్వాత

చెప్పాను. అరుణ చేయి అన్నంలోనే ఆగిపోయింది.

"ఏమన్నవ్ నాయినా? ఉన్నదున్నట్టు చెప్పు."

మళ్లీ చెప్పాను. సంచి సంగతితో సహా.

అరుణ లేచి చేయి కడుక్కుని గదిలోకి వెళ్లింది. అల్లుడు వెనకే వెళ్లాడు. గోదావరి కంచాలు తీస్తూ నా వైపు చూడను కూడా లేదు.

ఒక్క పిల్లి కోసం ఇంతనా?

అక్టోబర్ 12

అరుణ మాట్లాడడం లేదు. పొద్దున పంజరం మీది లుంగీ నేనే తీశాను.

అక్టోబర్ 13

గోదావరి చెప్పింది.

ఎట్లా రాయను?

ఆమె మాటలే రాస్తాను. "పిల్లి గాదయ్యా. పిల్ల. ఆడపిల్ల. సంగారెడ్డిల సర్కారోల్ల దగ్గరున్నది. తల్లి కని ఇడిసిపెట్టి పోయింది. అరుణ సాదుకుంటనని కాయితం పెట్టుకున్నది. ఇల్లు చూసిపోయే మేడంనే నువ్వు ఎల్లగొట్టినవ్. ఆమె మంచిగ రాస్తెనే పిల్లనిస్తరు. లేకుంటె ఎనక లైన్ల ఉన్నోల్లకు పోతది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎందుకు చెప్పాలె? అరుణకు నెల తప్పిందని తెలిసిన్నాడు డిపోల అందరికి దూద్‌పేడాలు పంచినవ్. మూడో నెల పోయింది. ఆర్నెల్లదాక కనవడ్డోల్లంత అడిగిండ్రు బిడ్డను, ఏమైందమ్మా, ఏమైందమ్మా అని. నీ సంతోషం నీ కడుపుల ఆగదు. అందుకె, పిల్ల చేతికొచ్చినంకనె నాయినకు చెప్దామన్నది."

ఇంకొకటి కూడా అంది. ఇది కూడా రాసి పెడుతున్నాను. "చేగుంటల మంచిగనే ఉన్నది గదా, బదిలీ ఎందుకు చేయించుకున్నదనుకున్నవ్? మీరిద్దరు డ్యూటీకి పోతె పిల్లను ఎవరు చూస్తరని ఆఫీసోల్లు అడిగిండ్రట. మా నాయిన చూస్తడన్నది. పిట్టలనే గట్ల కండ్లల్ల పెట్టుకుని చూస్తడు, పిల్లను చూడడా అన్నది."

నా కోసం వచ్చిందనుకున్నాను. నా దగ్గరకు పిల్లను తేవడానికి వచ్చింది.

అక్టోబర్ 14

మన మాటే ఇట్లా ఉందేమిటి! అబ్బాయి అయితే వాడు అంటాం. అమ్మాయి అయితే అది. పిల్లీ అదే, పక్షీ అదే, కుర్చీ అదే. అది పాలు తాగుతది, అది పండుకుంటది. పిల్ల అంటే ఆడపిల్లా పిల్లే, మేకపిల్లా పిల్లే. సాదుకోవడం అంటే కోడిని సాదుకున్నా అదే మాట, బిడ్డను సాదుకున్నా అదే మాట. నేనొక్కణ్ణే తప్పు విన్నానా? ఎవరైనా అట్లాగే వింటారు.

ఇది గోదావరికి చదివి వినిపించాను.

"ఉగ్గుగిన్నె గూడ చూసినవ్ గదా?" అంది.

అక్టోబర్ 15

చూశాను.

అక్టోబర్ 17. సోమవారం

బస్సులు మళ్లీ తిరుగుతున్నాయని తెలియగానే లేచాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. లాజరు దగ్గరకు పోయి సంగతంతా చెప్పి ఒక పిల్లిపిల్లను అడిగాను. చారలది, ఆడది.

"మొన్న వద్దంటివి గదనే, ఇప్పుడెందుకు?"

"మేడంకు చూపియ్యాలె. నేను దీన్నే అన్ననని ఎట్ల నమ్ముతది మరి?"

వాడు ఏడవాలో నవ్వాలో తెలియక బుట్టలో పెట్టి పైన గుడ్డ కట్టి ఇచ్చాడు.

బస్సులో కండక్టరు మా డిపో పిల్లవాడే. "ఎల్లన్నా, బుట్టల ఏందే?"

"సాక్ష్యం."

"సాక్ష్యానికి టికెట్ కొట్టాల్నా?"

నవ్వు రాలేదు నాకు. నర్సాపూర్ దాకా అది ఒకటే అరుపు. పక్క సీటావిడ "జర మూత తియ్యి, ఊపిరాడుతలేదేమో" అంది. తీశాను. బయటికి వచ్చి నా ఒళ్లో చేరింది. పారిపోతుందనుకున్నాను. ముందరి కాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి నా తొడ మీద వేసి పిండి పిసికినట్టు పిసకడం మొదలుపెట్టింది. గోళ్లు పంచె లోపలికి దిగుతున్నాయి. కళ్లు సగం మూసుకుని గుర్రుగుర్రుమంటోంది. ఇదేం రోగమో అని భయపడ్డాను. పక్క సీటావిడే చెప్పింది: "పాలు తాగేటప్పుడు తల్లి పొట్టను గట్ల ఒత్తుతయ్. తల్లి లేకున్నా మర్వయ్."

సంగారెడ్డి వచ్చేదాకా కాలు కదపలేదు.

ఎలిశిబా మేడం నన్ను చూడగానే కుర్చీలో నిటారుగా కూర్చుంది. నేను బుట్ట బల్ల మీద పెట్టి, పిల్లిని తీసి చూపించి, మొదటి నుంచి అంతా చెప్పాను. ఎడాపెడా చెప్పాను. మధ్యలో ఏడ్చాను కూడా. ఆవిడ మొదట నమ్మలేదు. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోంది! బతికిపోయాను అనుకున్నాను.

నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని అడిగింది.

"పెద్దయ్యా, సంచి సంగతి పిల్లిదే, ఒప్పుకున్న. కాని ఏ గల్లీల పుట్టిందో, తండ్రి ఎవడో అన్నరు. రేపు పిల్ల వచ్చినంక, పెద్దగైనంక, ఇంట్ల ఏదన్న వస్తువు కనవడకపోతె, లేకుంటె ఎదురు మాట్లాడితె, కోపంల గదే మాట మీ నోట్ల నుంచి వస్తె?"

రాదమ్మా అనబోయాను. కాని ఈ నెలంతా చేసింది గుర్తొచ్చింది.

భార్య బొంత కుడితే అనుమానించాను. అల్లుడు గొళ్లెం పెడితే అనుమానించాను. బిడ్డ భుజం మీద చేయి వేస్తే అనుమానించాను.

"జవాబు ఇప్పుడొద్దు" అంది. "నేను మల్ల వస్త. అందరి ముంగట చెప్పుండ్రి."

అక్టోబర్ 18

పిల్లిపిల్లను రాత్రే లాజరుకు తిరిగిచ్చాను. సంగారెడ్డి పోయిన సంగతి అరుణకు వాడే చెప్పాడట. నా దగ్గరకు వచ్చి పంచెకు పడ్డ చిల్లులు చూసింది. సూదీ దారం తెచ్చుకుంది.

అక్టోబర్ 24

సమ్మె ఆగింది. అరుణ బడికి వెళ్లింది. ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. ఫోన్ మోగింది. గ్యాస్ వాళ్లు.

అక్టోబర్ 26. దీపావళి

పటాకుల చప్పుడుకు పక్షులు భయపడతాయని పంజరం లోపలి గదిలో పెట్టి, రెండు లుంగీలు కప్పి, పక్కనే కూర్చున్నాను. నిద్ర పట్టే ముందు అవి ముక్కు పైదీ కిందిదీ కలిపి కిరకిర నూరుకుంటాయి. భయం పోయిందని గుర్తు. ఇవాళ ఆ చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది.

గల్లీలో అందరూ అడుగుతున్నారు, ఏం ఎల్లన్నా, ముఖం అట్లున్నదేంది అని. చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, మింగాను.

లాజరు ఎవరికన్నా చెప్పాడేమో? వాడి మీద ఒక కన్నేయాలి.

నవంబర్ 3. గురువారం

మేడం వచ్చింది. ఈసారి కూడా చెప్పకుండానే, సాయంత్రం అందరం ఉన్నప్పుడు. అరుణ నిలబడే ఉంది, రెండు చేతులూ కుర్చీ వెనక పట్టుకుని. అల్లుడు గోడకు ఆనుకున్నాడు. గోదావరి చాయ్ పెట్టడానికి పోయి అక్కడే నిలబడిపోయింది.

"చెప్పుండ్రి పెద్దయ్యా. గా మాట మీ నోట్ల నుంచి వస్తదా, రాదా?"

పదిహేను రోజులుగా కట్టుకున్న జవాబు ఒకటి ఉంది. చాలా మంచి జవాబు, దేవుడి పేరు, మంజీరమ్మ పేరు, అన్నీ ఉన్నాయి అందులో. లేచి నిలబడేసరికి ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"అమ్మా, అనుమానం నాకు పుట్టుకతోనే ఉన్నది. కండక్టరు పనిల ఇంక ముదిరింది. అననని ఒట్టు పెడ్త. కాని నా ఒట్టు మీరు నమ్మొద్దు."

"నాయినా!" అంది అరుణ.

"నువ్వుండు బిడ్డా. అమ్మా, నేను డ్యూటీ చేసిన్నాడు నా బస్సును ఎక్కడంటె అక్కడ ఆపి చెకింగోల్లు ఎక్కెటోల్లు. చెప్పి ఎక్కెటోల్లు గాదు. వాళ్లు ఎక్కుతరన్న భయానికే సగం సక్కగున్న నేను. మీరు గూడ గట్లనే ఎక్కుండ్రి. చెప్పకుండ రాండ్రి. నన్ను అడగకుండ్రి, పిల్లను అడుగుండ్రి. తాత ఏమన్నడు బిడ్డా అని అడుగుండ్రి. నేను ఒక్కసారి గా మాట అన్నట్టు తెలిస్తె, పిల్లను గాదు, నన్ను ఇంట్ల నుంచి దించెయ్యుండ్రి."

మేడం చాలాసేపు నన్నే చూసింది. నేను టికెట్ లేనివాణ్ణి చూసినట్టే చూసింది. నేను అటు తిరగలేదు.

తర్వాత ఫైలు తెరిచి ఏదో రాసుకుంది. ఏం రాసిందో తెలియదు. గోదావరి ఇచ్చిన చాయ్ మాత్రం పూర్తిగా తాగింది.

ఆమె పోయాక అరుణ నా ముందు కింద కూర్చుని నా మోకాళ్ల మీద తల పెట్టింది. పెళ్లి నాడు కూడా అంత ఏడవలేదు నా బిడ్డ.

నవంబర్ 16

ఫోన్ మోగింది. అరుణ చేసిన ఫోన్, బడి నుంచి. నేను పంజరం పట్టుకుని నిలబడ్డాను.

ఇస్తారట.

ఇస్తారట, ఇస్తారట, ఇస్తారట!

గల్లీలోకి పరుగెత్తబోయాను. గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. అరుణ చెప్పమన్నప్పుడే చెప్పాలి. పక్షులకు చెప్పాను. తలలూపాయి.

డిసెంబర్ 11. ఆదివారం

నా మనవరాలు నా ఇంట్లో ఉంది!

నిన్న తెచ్చారు. ఐదు నెలలది. జుట్టు నిలువునా లేచి ఉంది. పాలు తాగేటప్పుడు ఒక చేత్తో అరుణ కొంగు పట్టుకుంటుంది, వదలదు. ఇప్పటికి మూడుసార్లు నా చొక్కా తడిపింది. నేను మార్చుకోలేదు!

లుంగీ తీసేటప్పుడు పంజరం దగ్గరకు తీసుకెళ్లాను. పక్షులు ఒంటి ఈకలన్నీ ఉబ్బించాయి. అవి ఉబ్బాయంటే సంతోషమే. పంజరాన్ని గోడకు గట్టిగా బిగించాను. పిల్ల మీద పడితే? పాలవాడు నీళ్లు కలుపుతున్నాడా అని వేలు ముంచి చూశాను. లాజరు గోడ మీంచి మరీ ఎక్కువసేపు చూస్తున్నాడు, దిష్టి తగలదా? గోదావరిని పిలిచి ఉప్పు తిప్పించాను.

మధ్యాహ్నం గోదావరి అక్క ఐలవ్వ వదిన మనోహరాబాద్ నుంచి వచ్చింది. గల్లీ ఆడవాళ్లు కూడా నలుగురు వచ్చి కూర్చున్నారు. పిల్ల నా చేతుల్లో ఉంది. ఐలవ్వ వదిన కళ్లద్దాలు సవరించుకుని, దగ్గరికి వచ్చి, ముఖంలో ముఖం పెట్టి చూసింది. ఏ పిల్లను చూసినా ఆడవాళ్లు అడిగే మాటే, ఆమె చెడ్డ మనసుతో అడగలేదు.

"ఎవల పోలికనే గీ పిల్ల?"

అరుణ చేతిలో పాలసీసా ఆగిపోయింది. అల్లుడు తల దించుకున్నాడు.

నేను పిల్ల వైపు చూశాను. అది కనుబొమలు ముడిచి, పెదవులు బిగించి, వదిన కళ్లద్దాలను, ముక్కుపుడకను, మెడలో బంగారు గుండ్లను ఒక్కొక్కటే పరీక్షగా చూస్తోంది.

"కనవడ్తలేదా వదినా?" అన్నాను. "నీ దిక్కు ఎట్ల చూస్తున్నదో చూడు. ఎవల్ని నమ్ముతలేదు. అచ్చం నా పోలిక."